లాయరు బయోడేటాలో కనపడని మూడేండ్లు

బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉండే పెద్ద లా ఫర్మ్ వెబ్‌సైటు ఒకటి ఫోన్లో తెరిచి చూడండి. ‘లిటిగేషన్’ అని ఒక విభాగం కనపడతాది. లిటిగేషన్ అంటే ఏం లేదు, కోర్టులో దావా వేసేది, ఎదుటోడు వేస్తే జవాబు చెప్పేది, వాదించేది. మనం కోర్టు పని అంటామే, అదే. ఆ విభాగంలో ఒక్కో లాయరుకు ఒక ఫోటో, దాని కింద నాలుగు ముక్కలు. ఫలానా నేషనల్ లా యూనివర్సిటీలో చదివినాడు, ఫలానా ఏడాది బార్ కౌన్సిల్లో ఎన్‌రోల్ అయినాడు, ఫలానా సీనియర్ దగ్గర పనిచేసినాడు, ఆర్బిట్రేషన్, దివాలా కేసులు, భూసేకరణ, కరెంటు కంపెనీల తగాదాలు చూస్తాడు. అంతే.

శెనక్కాయ ఎండి, బోరు ఎత్తిపోయి, అన్న బెంగళూరులో పనికి పోయి, తమ్ముడు డిగ్రీ అయిపోయి ఇంట్లో కూచున్న ఊరోళ్లం మనం. ఆ ఫోటోలతో మనకేం పని అనిపిస్తాది. పని ఉండాది. చానా ఉండాది.

నీ పొలం పక్కన సోలార్ ప్లేట్లు లేచినాయి అనుకో. మీ నాయనతో పాతికేండ్లకో ముప్పై ఏండ్లకో లీజు కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. ఆ కాగితం రాసేది ఊర్లో దస్తావేజు రాసే ఆయన కాదు. ఇట్లాంటి ఫర్మ్‌లో కూచున్న లాయరే. తగాదా వస్తే ఆర్బిట్రేషన్ యాడ జరగల్ల, ఏ ఊరి కోర్టుకు పోవల్ల, కంపెనీ చేతులు మారితే లీజు ఏమైతాది, నడుమ వదిలేసి పోతే నేల మళ్ళ ఎవురు చదును చేయల్ల — అన్నీ అందులో ముందే రాసిపెట్టుంటారు. మన పక్క సంతకం పెట్టేటోడు ఎకరాకు ఎంత అనే ఒక్క లైను చూస్తాడు. తక్కిన ఇరవై పేజీలు ఎదుటి పక్క లాయరు చూసుకుంటాడు. అదీ ఆయన బయోడేటాకు, మన పొలానికి ఉండే సంబంధం.

ఇంగో సంగతి. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో 8,844 ఎకరాలు ఒక ప్రైవేటు ప్రాజెక్టుకు పోయినాయి. ఉద్యోగాలు రాలేదు. ఆ భూముల్లో కొన్ని బ్యాంకుల తాకట్టులోకి పోయినాయి. దాని వెనకున్న కంపెనీ దివాలాకు వచ్చింది. సీబీఐ కేసు ఒక పక్క, దివాలా కేసు ఇంగో పక్క. దివాలా కేసు నడిచింది హైదరాబాద్ ఎన్‌సీఎల్‌టీలో. అక్కడ బ్యాంకులకు లాయర్లు ఉన్నారు, కొనేటోళ్లకు లాయర్లు ఉన్నారు, దివాలా వ్యవహారం చూసే అధికారికి లాయర్లు ఉన్నారు. నేల ఇచ్చిన రైతు ఆ గదిలో పార్టీనే కాదు. తన తాతల నేల సంగతి పేపర్లో చదివి తెలుసుకున్నాడు. 2022లో దాని మీద రాష్ట్రమంతా గొడవ అయింది, నాయకులు ఒకరినొకరు తిట్టుకున్నారు, మళ్ళ అందరూ మరిచిపోయినారు.

డి.హీరేహాళ్ మండలం ఓబుళాపురం గనుల కేసు కూడా అంతే. సీబీఐ కేసు కట్టింది 2009 డిసెంబరులో. హైదరాబాదు సీబీఐ కోర్టు తీర్పు వచ్చింది 2025 మే 6న. నడుమ పదైదేండ్లు. ఏడేండ్ల శిక్ష పడింది, నెల తిరక్కముందే అప్పీలు, ఆ అప్పీల్లో శిక్ష అమలును తెలంగాణ హైకోర్టు నిలిపింది. ఎవురు తప్పు ఎవురు ఒప్పు అనేది కోర్టులు తేలుస్తాయి, నేను ఆ జోలికి పోను. నేను చెప్పేది ఒక్కటే: పదైదేండ్లు ఒక కేసును మోయగల లాయర్లను పెట్టుకునే తాకత్తు ఒక పక్క ఉండాది. గని పక్కన దుమ్ము తిన్న ఊరికి అట్లాంటి లాయరు ఒక్కడన్నా ఉన్నాడా?

ఈ మాట ఇప్పుడు ఎందుకంటే, లాయరు కావల్లనుకునే పల్లె పిల్లోళ్ల దారి మీద రెండేండ్లలో సుప్రీంకోర్టు రెండు పెద్ద తీర్పులు ఇచ్చింది. ఒకటి గేటు తీసింది. ఇంగోటి గేటు వేసింది. ఆ రెండింటి నడుమ ఉండే ఖర్చు ఎవురు పెట్టుకోవల్లో మాత్రం ఎవురూ తేల్చలేదు.

ముందు ఆ బయోడేటా సంగతి పూర్తి చేస్తా. మన దేశంలో లాయరు తన గురించి ప్రచారం చేసుకోకూడదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్ 36 అది. డాక్టరు మాదిరి, కోచింగ్ సెంటరు మాదిరి ఫ్లెక్సీలు కట్టడానికి లేదు. 2008లో ఆ రూలును రవ్వంత సడలించి, వెబ్‌సైటులో పేరు, అడ్రసు, ఎన్‌రోల్‌మెంట్ నెంబరు, చదువు, ఏ రకం కేసులు చూస్తాడు అనేవి పెట్టుకోవచ్చు అన్నారు. అందుకే ఆ ఫోటోల కింద రాతలన్నీ ఒకే మాదిరి ఉంటాయి. మంచి రూలే. కాకపోతే ఆ రూల్లో లేని ముఖ్యమైన గడి ఒకటుంది: మొదటి మూడు నాలుగేండ్లు ఈయనకు అన్నం పెట్టింది ఎవరు?

అది ఎందుకు ముఖ్యమో తెలియాలంటే కోర్టు లాయరు ఎట్ల తయారైతాడో చూడల్ల. కాలేజీలో తయారుకాడు. కాలేజీ సెక్షన్లు చెప్తాది. దావా రాసేది, జవాబు దావాలో ఏం ఒప్పుకోవల్ల ఏం ఒప్పుకోకూడదు, ఇంజంక్షన్ పిటిషన్‌కు అఫిడవిట్టు ఎట్ల పెట్టల్ల, సాక్షిని బోనులో నిలబెట్టి చీఫ్ చేసేది, ఎదుటి సాక్షిని క్రాస్ చేసేది — ఇవి ఒక సీనియర్ వెనకాల కట్టలు మోసుకుంటా, వాయిదాలు రాసుకుంటా, గుమాస్తాతో మాటలు పడతా నేర్చుకునేవి. అడంగల్లో ఒక పేరు, 1బీలో ఇంగో పేరు, అనుభవంలో మూడో మనిషి ఉంటే ఆ చిక్కు ఎట్ల విప్పల్లో ఏ పుస్తకంలోనూ లేదు. పేరు ఎదురుగా చుక్కలు పెట్టి వదిలేసిన చుక్కల భూములు, అమ్మకూడని డీ-పట్టాలు, 22ఏ నిషేధ జాబితాలో తెలియకుండా పడిపోయిన పట్టా నేలలు, నోటిమాట మీద అన్నదమ్ములు పంచుకున్న చేండ్లు. మన అనంతపురం, ధర్మవరం, కదిరి, హిందూపురం, గుత్తి కోర్టుల్లో తిరిగే కట్టల్లో చానా మటుకు ఇవే. సివిల్ లా నేర్చుకోవడానికి ఇంతకన్నా పెద్ద బడి యాడుంది?

పెద్ద ఫర్మ్‌లో పని వేరే మాదిరి. కొత్తగా చేరినోడిని అసోసియేట్ అంటారు. మొదటి నెల నుంచే జీతం. వాడు తీర్పులు వెతుకుతాడు, డ్రాఫ్టు రాస్తాడు, పైనోడు దిద్దుతాడు. కోర్టులో నిలబడి వాదించేది చానాసార్లు బయటి నుంచి పిలిపించిన సీనియర్ అడ్వకేట్. అసోసియేట్ ఆయనకు కేసు అర్థం చేయించి వెనక నిలబడతాడు. కాగితం పని బాగా వస్తాది, సాక్షిని క్రాస్ చేసే పని నిదానంగా వస్తాది, ఒగోసారి రానే రాదు. మనూరి కోర్టు జూనియర్‌కు తలకిందులు. రెండో ఏడాదికే సాక్షి ముందర నిలబడతాడు, కానీ మంచి ఇంగ్లీషులో నాలుగు పేజీల నోటు రాయమంటే చెమట్లు పడతాయి. ఒకరిది తక్కువ, ఒకరిది ఎక్కువ అని నేననను. కానీ బయోడేటాలో ఎక్కేది ఒకరి పనే.

మన నేల మీద ఇట్లాంటి లాయర్లు పుట్టలేదా అంటే, పుట్టినారు. గుత్తి కేశవ పిళ్ళై పేరు ఎంతమంది విన్నారో. 1860లో పుట్టిన మనిషి. గుత్తిలో ప్లీడరు. మద్రాసు బారిస్టరు కాదు, తాలూకా కోర్టులో వకాల్తా వేసే ప్లీడరు. ‘ది హిందూ’ పేపరుకు ఈ పక్క నుంచి వార్తలు రాసేటోడు. 1885లో బొంబాయిలో కాంగ్రెస్ మొదటి సభకు దేశమంతా కలిపి 72 మంది పోతే, అందులో గుత్తి నుంచి పోయిన మనిషి ఈయన.

1893లో గుంతకల్లు దగ్గర ఒక సంగతి జరిగింది. తెల్ల సోల్జర్లు ఇద్దరు ఆడోళ్ల వెంట పడితే, వాళ్లు పరిగెత్తి రైల్వే గేటు దగ్గరికి వచ్చినారు. గేటు కాసే హంపన్న వాళ్లకు అడ్డం నిలబడినాడు. సోల్జరు తుపాకీతో కాల్చినాడు, హంపన్న చచ్చిపోయినాడు. కేసు మద్రాసు హైకోర్టు దాకా పోయింది, సోల్జరు నిర్దోషి అని బయటపడినాడు. తెల్లోడి రాజ్యంలో గేటు కూలోడి ప్రాణానికి అంతకన్నా విలువ వస్తాదని ఎవురనుకుంటారు? కానీ కేశవ పిళ్ళై ఊరుకోలేదు. ఆ సంగతి దేశానికి తెలిసేదాకా రాసినాడు, చందాలు వసూలు చేసి హంపన్న పేర గుత్తిలో రాయి నిలబెట్టించినాడు. కేసు ఓడిపోయినా మనిషి పేరు నిలబెట్టిన లాయరు ఆయన.

తర్వాత ఆయన మద్రాసు శాసన మండలికి పోయినాడు. 1922లో దక్షిణ అమెరికాలో ఉండే బ్రిటిష్ గయానాకు పోయి, మన దేశం నుంచి అక్కడి చెరుకు తోటలకు పోయిన కూలీల బతుకు ఎట్లుందో చూసి రిపోర్టు రాసినాడు. గుత్తి కోర్టు నుంచి గయానా చెరుకు తోట దాకా. ఇది బయోడేటా అంటే. ఏ ఫర్మ్ వెబ్‌సైటులో పట్టదు ఇది.

అదే గుత్తిలో 1922లో పుట్టిన ఒ. చిన్నప్పరెడ్డి సుప్రీంకోర్టు జడ్జీ అయినాడు. 1986లో కేరళ బడిపిల్లోళ్లు ముగ్గురు జాతీయగీతం పాడలేదని బడి నుంచి పంపేస్తే, లేచి మర్యాదగా నిలబడినారు కదా, పాడమని బలవంతం చేయకూడదు అని తీర్పిచ్చిన బెంచి ఆయనది. బొంబాయి ఫుట్‌పాత్ బతుకుల మీద 1985లో వచ్చిన ఓల్గా టెల్లిస్ తీర్పు బెంచిలోనూ ఉన్నాడు. బతుకుదెరువు హక్కు కూడా బతికే హక్కులో భాగమే అని చెప్పిన తీర్పు అది. వలస పోయి బెంగళూరు ఫుట్‌పాత్ మీద పడుకునే మనోళ్లకు ఆ తీర్పుతో ఎంత పని ఉందో వేరే చెప్పల్లా?

ఇంగ బాలగోపాల్. బళ్ళారిలో పుట్టినాడు, మన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మకు కూతురు కొడుకు. లెక్కల్లో పీహెచ్‌డీ, కాకతీయ యూనివర్సిటీలో లెక్చరరు. లాయరు అయింది 1990ల చివర్లో, అంటే నలభై దాటినాక. 2009 అక్టోబరులో చనిపోయినాడు. నల్లకోటు వేసుకుంది పదేండ్లకు అటూ ఇటూ. ఆ కొద్దికాలంలోనే పోలీసు కాల్పులు, ఆదివాసీ భూములు, సెజ్‌ల కింద పోయిన పొలాలు, వీటి మీద ఆయన మోసిన కేసులు చూస్తే బయోడేటా ఎట్ల మొదలైంది అనేది కాదు, ఎవురి పక్క నిలబడింది అనేది లెక్కకు వస్తాది. కానీ ఒక మాట దాచకుండా చెప్పల్ల. కేశవ పిళ్ళై కాలం వేరు, బాలగోపాల్ తెలివి, చదువు వేరు. మన ఇంట్లో డిగ్రీ పాసైన పిల్లోనికి వాళ్లను చూపించి ‘నువ్వూ అట్ల కా’ అంటే సరిపోదు. వానికి నెల ఖర్చుకు డబ్బు కావల్ల.

ఇప్పుడు ఆ రెండు తీర్పులకు వస్తా.

మొదటిది 2024 జులై 30. లా పాసై బార్ కౌన్సిల్లో పేరు రాయించుకోవల్లంటే అడ్వకేట్స్ చట్టం ప్రకారం ఫీజు జనరల్ వాళ్లకు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125. చట్టంలో ఉండేది అంతే. కానీ రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు ఆ ఫండు, ఈ ఫండు, గుర్తింపు కార్డు, వెరిఫికేషను అని వేలకు వేలు గుంజుతా వచ్చినాయి. ఒరిస్సాలో 42 వేలు దాటింది. ఇది తప్పు, చట్టంలో ఉండే ఫీజు తప్ప రూపాయి ఎక్కువ తీసుకోకూడదు అని సుప్రీంకోర్టు చెప్పింది. పేదోని పిల్లోడు ఈ వృత్తిలోకి రాకుండా ఈ ఫీజులు అడ్డం పడతాండాయి అనే మాటా తీర్పులో ఉండాది. ఇది గేటు తీసిన తీర్పు. ఆ తర్వాత ఆలిండియా బార్ పరీక్ష. దాన్ని తెలుగులో కూడా రాయొచ్చు, కాబట్టి భయపడే పని లేదు.

రెండోది 2025 మే 20. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే కనీసం మూడేండ్లు కోర్టులో ప్రాక్టీసు చేసి ఉండల్ల అని తీర్పు. ముందు ఈ నియమం ఉండేది, 2002లో తీసేసినారు, మళ్ళ తెచ్చినారు. ప్రాక్టీసు చేసినట్టు పదేండ్ల అనుభవం ఉండే అడ్వకేట్ సర్టిఫికెట్ ఇవ్వల్ల, దాన్ని జిల్లా జడ్జి ఒప్పుకోవల్ల. జడ్జీల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలం కూడా లెక్కకు వస్తాది.

ఈ తీర్పు తప్పు అని చెప్పడానికి నాకు మనసు రాదు. పరీక్ష పాసై, కోర్టు ముఖం చూడకుండా, ఇరవై నాలుగేండ్లకు జడ్జి కుర్చీలో కూచుని మీ అవ్వ పొలం దావా వినే పిల్లోనికి, వాయిదా అంటే ఏందో, సాక్షి ఎట్ల తడబడతాడో తెలియకపోతే నష్టపడేది మనమే. మూడేండ్లు కోర్టులో నలిగి రా అనేది న్యాయమే. కానీ ఆ మూడేండ్లు ఎవురి ఖర్చు మీద?

బెంగళూరు ఫర్మ్‌లో అసోసియేట్‌గా చేరినోనికి ఆ మూడేండ్లు జీతంతో గడుస్తాయి. అనంతపురం కోర్టులో సీనియర్ వెనక చేరినోనికి? ఈ పక్క పద్ధతి అందరికీ తెలిసిందే. సీనియర్ మంచోడైతే పండగకు గుడ్డలు, వాయిదా రోజు టీ, ఒగోసారి పెట్రోలుకు డబ్బు. జీతం అనే మాట లేదు. పని నేర్పుతాండాను కదా అంటాడాయన. కొందరు సీనియర్లు నిజంగా నేర్పుతారు, అట్లాంటోళ్లకు దండం పెట్టొచ్చు. కొందరు కాపీ అప్లికేషన్లకు తిప్పుకుంటా మూడేండ్లు నెట్టేస్తారు. టౌన్లో రూము బాడుగ, మెస్సు, కోటు, పుస్తకాలు, బస్సు చార్జీ ఎవురు కట్టల్ల? వాన రాని ఏడాది మీ నాయనే కట్టల్ల. అప్పు తెచ్చి.

ప్రభుత్వాలకు ఇది తెలియదని కాదు. 2019 డిసెంబరు 3న రాష్ట్ర ప్రభుత్వం లా నేస్తం అని తెచ్చింది, కొత్త లాయర్లకు నెలకు 5,000 చొప్పున మూడేండ్లు. అయిదు వేలతో అనంతపురంలో ఒకడు బతకలేడు కానీ, రూము బాడుగ కన్నా సర్దుకుంటాది. అది మెచ్చుకోవల్సిన పనే. కాకపోతే పథకం అనేది పథకమే. జీవో మీద నడిచే డబ్బు ఆరునెల్లకోసారి వచ్చినా నోరు మూసుకోవల్ల, గవర్నమెంటు మారితే పేరు ఏమైతాదో, డబ్బు ఏమైతాదో అని కాచుకుని కూచోవల్ల. చట్టంలో హక్కుగా ఉంటే అట్ల కాదు.

2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక సర్క్యులర్ వేసింది. జూనియర్లకు టౌన్లలో నెలకు 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 ఇస్తే బాగుంటాది అని. ఇస్తే బాగుంటాది! ఇవ్వల్ల అని కాదు. చిన్న కోర్టుల్లో సీనియర్లే నెలకు ఎంత సంపాదిస్తారో వాళ్లకే తెలియదు, వాళ్లొచ్చి 15,000 ఇస్తారా? ఇవ్వలేరు, అది వాళ్ల తప్పు కూడా కాదు. పెద్ద ఫర్మ్‌లు ముందే అంతకన్నా ఎక్కువ ఇస్తాండాయి. కాబట్టి ఆ సర్క్యులర్ ఇవ్వగలిగినోళ్లకు అక్కర లేదు, ఇవ్వలేనోళ్లకు పనికి రాదు. ఒక కోర్టు మూడేండ్లు తప్పనిసరి అంటే, ఒక కౌన్సిల్ స్టైపెండు మీ ఇష్టం అంటే, నడుమ ఇరుక్కునేది ఎవురో లెక్క వేసుకోండి. రెండో తీర్పు రాసేటప్పుడే మొదటి తీర్పులోని పేదోని పిల్లోన్ని యాదిలో పెట్టుకోవల్సింది.

లా కాలేజీ దగ్గరే ఈ చీలిక మొదలైతాది. నేషనల్ లా స్కూల్ ఉండేది బెంగళూరులో. అనంతపురం నుంచి రెండొందల కిలోమీటర్లు. మన ఊరి నుంచి రాత్రి బస్సెక్కి కూలికి పోయినోళ్లు దాని గోడ పక్కనే పోయింటారు. దాన్లో చేరాలంటే క్లాట్ రాయల్ల. అప్లికేషన్ ఫీజే 4,000, ఎస్సీ ఎస్టీలకు 3,500. రెండు గంటల్లో 120 ప్రశ్నలు, మొత్తం ఇంగ్లీషులో, పేరాలు పేరాలు చదివి జవాబు పెట్టేవి. తెలివి కన్నా ముందు ఇంగ్లీషు చదివే వేగం చూసే పరీక్ష అది. పాసైనా ఏడాదికి లక్షల్లో ఫీజు. మన పిల్లోళ్లు లాసెట్ రాసి దగ్గర్లో ఉండే కాలేజీలో మూడేండ్ల లా చదువుతారు. పెద్ద ఫర్మ్‌లు క్యాంపస్ సెలక్షన్లకు ఆ నేషనల్ కాలేజీలకే పోతాయి, మన కాలేజీల గేటు దగ్గరికి రావు. అందుకే అక్కడి ఫోటోల కింద ఊర్ల పేర్లు ఉండవు. కాలేజీ పేర్లే ఉంటాయి.

భాష సంగతి కూడా చెప్పల్ల. జిల్లా కోర్టులో సాక్ష్యం తెలుగులో నడుస్తాది. ఏ కోర్టులో ఏ భాష అనేది రాష్ట్ర ప్రభుత్వం తేల్చొచ్చు అని 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉండాది, 307వ సెక్షన్. అయినా తీర్పులు, ఆర్డర్లు ఇంగ్లీషులోనే వస్తాయి. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక భూమి కేసులో తెలుగులో తీర్పు రాసింది. హైకోర్టే రాయగా లేంది, మునసబు కోర్టు రాయలేదా? రాస్తే గెలిచినోడు ఎందుకు గెలిచినాడో ఓడినోనికి అర్థమైతాది. తెలుగులో గట్టిగా డ్రాఫ్టు రాయగల జూనియర్‌కు అప్పుడు విలువ వస్తాది.

లాయర్ల పక్క తప్పులు లేవా? ఉండాయి. భూమి టైటిలింగ్ చట్టం అప్పుడు చూసినాం కదా. 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. నేల ఎవురిది అనే తగాదా సివిల్ కోర్టుకు కాకుండా అధికారి దగ్గరికి పోవల్ల అన్నారు. రాష్ట్రమంతా లాయర్లు కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కినారు. 2024 ఎన్నికల్లో అది పెద్ద మాట అయింది, కొత్త ప్రభుత్వం ఆ జులైలోనే అసెంబ్లీలో రద్దు చేసింది. చట్టం మీద లాయర్లు చెప్పింది సరైందే: మండలాఫీసులో తప్పు రాసినోనికే తప్పు దిద్దే అధికారం ఇస్తే రైతు యాడికి పోవల్ల? కానీ అదే బార్ అసోసియేషన్లు తమ జూనియర్ల స్టైపెండు కోసం ఒక్కరోజు కోర్టు బహిష్కరించినట్టు నేనైతే వినలేదు. సివిల్ దావాలు పోతే తమ పని పోతాది అనే భయం ఉద్యమంలో కలిసింది, దాంట్లో దాచేది ఏముంది. పని పోతాదనే భయం రైతుకూ ఉంటాది, లాయరుకూ ఉంటాది.

హైకోర్టు సంగతి ఇంగోటి. 1937 శ్రీబాగ్ ఒప్పందం నుంచి సీమకు చెప్తానే ఉండారు. 1953లో రాజధాని కర్నూలుకు, 1954లో హైకోర్టు గుంటూరుకు పోయింది. 1956లో రెండూ హైదరాబాదు. 2019 జనవరి 1 నుంచి హైకోర్టు అమరావతిలో. కర్నూలులో బెంచి పెట్టల్ల అని 2024 నవంబరులో అసెంబ్లీ తీర్మానం చేసింది. తీర్మానం చేసేది వేరు, జడ్జి వచ్చి కూచునేది వేరు. అనంతపురం నుంచి అమరావతి నాలుగు వందల కిలోమీటర్ల పైమాట. ఇక్కడి జూనియర్ ఒక రిట్ పిటిషన్ వేయాలంటే రాత్రి బస్సు, పొద్దున కోర్టు, మళ్ళ రాత్రి బస్సు. ఇంత తిరిగే బదులు కట్ట అక్కడి లాయరుకు పంపించేస్తారు. కేసు మనది, పేరు వాళ్లది. హైకోర్టులో వాదించిన కేసులు అనే లైను మన జూనియర్ బయోడేటాలో ఎట్ల వస్తాది?

అయితే చేతులు ముడుచుకుని కూచునేది లేదు. కొన్ని దారులు ఉండాయి, చానామందికి తెలియవు.

లీగల్ సర్వీసెస్ చట్టం 1987, సెక్షన్ 12 చదవండి. ఆడోళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వ ఖర్చుతో లాయరును ఇస్తారు. అది అందరూ చెప్తారు. కానీ అదే సెక్షన్లో (ఇ) అని ఒక చిన్న ముక్క ఉంది. విపత్తులో నష్టపోయినోళ్ల జాబితా అది. వరద, భూకంపం, కుల దాడి, వాటి పక్కనే కరువు అనే మాట ఉంది. కరువు బాధితుడు ఏ కులమైనా సరే ఉచిత లాయరును అడగొచ్చు. 2024 ఖరీఫ్‌లో ప్రభుత్వం 54 కరువు మండలాలు ప్రకటించింది, మన రెండు జిల్లాల మండలాలూ అందులో ఉండాయి. మీ మండలం పేరు ఉండే ఆ జీవో కాపీ పెట్టి, సెక్షన్ 12(ఇ) అని రాసి, మీ కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి. ఫోన్ చేయాలంటే 15100. దేశంలో కరువు పేరు చెప్తే వచ్చే హక్కులు చానా తక్కువ. ఉన్న ఒక్కదాన్ని అనంతపురం వాళ్లం వాడుకోకపోతే ఎవురు వాడుకుంటారు?

కొత్తగా లా పాసైనోళ్లకు కూడా అదే ఆఫీసులో ఒక దారి ఉంది. లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ అని 2022లో నల్సా తెచ్చిన పద్ధతి. క్రిమినల్ కేసుల్లో లాయరును పెట్టుకోలేని ముద్దాయి తరఫున పూర్తికాలం పనిచేసే లాయర్లు వీళ్లు. నెలనెలా డబ్బు వస్తాది. అసిస్టెంట్ పోస్టుకు మూడేండ్ల లోపు అనుభవం ఉండేటోళ్లనే తీసుకుంటారు. పోస్టులు చేతి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అవి పది రెట్లు పెంచమని అడిగితే, క్రిమినల్‌తో పాటు భూమి కేసులకూ అట్లాంటి పోస్టులు పెట్టమని అడిగితే, మూడేండ్ల ప్రాక్టీసు తప్పనిసరి అనే నియమానికి ఒక అర్థం వస్తాది. జూనియర్‌కు అన్నం దొరుకుతాది, చుక్కల భూమి రైతుకు లాయరు దొరుకుతాడు. దీనికి కొత్త చట్టం అక్కర లేదు, బడ్జెట్లో ఒక పద్దు కావల్ల. ఎమ్మెల్యేలు ఊర్లోకి వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్నల్లో ఇది ఎప్పుడూ ఉండదు.

ఈసారి ఊర్లో ఎవురైనా సోలార్ లీజు కాగితం తెస్తే, సంతకం ముందు మూడు చోట్ల వేలు పెట్టి చూపించండి: తగాదా వస్తే ఆర్బిట్రేషన్ ఏ ఊర్లో, కంపెనీ ఇంగొకరికి అమ్ముకుంటే మన ఒప్పుకోలు కావల్లా వద్దా, లీజు రిజిస్టర్ చేస్తారా లేదా. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కావల్సిందే, అది చట్టం. ఆ మూడూ చదివి చెప్పగల పిల్లోడో పిల్లో మీ ఊర్లోనే లా చదివి ఖాళీగా ఉంటే, వాళ్లతో చదివించుకుని, చదివినందుకు ఫీజు ఇవ్వండి. అయిదొందలైనా సరే.